నీటి వేడి కొలవకుండా పిల్లల్ని గోదాట్లో దింపొద్దు

గోదావరి జిల్లాల్లో ఎండ ముదిరింది. పరీక్షలు అయిపోయాయి, సెలవులిచ్చేశారు. తెల్లారకముందే గట్ల మీద పరిగెత్తే కుర్రాళ్లు, ధవళేశ్వరం బ్యారేజీ దాకా సైకిళ్లు తొక్కి వచ్చే ఉద్యోగులు, రేవుల్లో ఈత సాధన చేసే పిల్లలు కనిపిస్తున్నారు. ఈ మూడు విద్యలనూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటిగా చేసే పోటీ ట్రయథ్లాన్. ముందు ఈత, తరవాత సైకిలు, చివర పరుగు. సగం దూరపు పోటీలో ఈత 1.9 కిలోమీటర్లు, సైకిలు 90, పరుగు 21.1. పూర్తి దూరమంటే దానికి రెట్టింపు. మన పిల్లలు ఇంతటి పట్టుదలకు సిద్ధపడుతున్నారంటే గర్వపడాల్సిందే. అందుకే ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది: మార్చి మధ్య నుంచి తొలకరి పడేదాకా ఈ డెల్టాలో దూరపు ఈత పోటీ గానీ, ట్రయథ్లాన్ గానీ, పొద్దెక్కాక సాగే పరుగు గానీ పెట్టవద్దు. పెడితే వెళ్లవద్దు. పిల్లల్ని పంపవద్దు.

ఇది పిరికిమాట కాదు. కళ్లారా చూసి చెబుతున్న మాట.

మూడేళ్ల కిందట, ఓ ఏప్రిల్ ఆదివారం, డెల్టాలోని ఓ పట్నంలో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆరింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి రావడం, దండలు, ప్రసంగాలు అయ్యేసరికి ఏడున్నర దాటింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర నిలబడి మంచినీళ్ల గ్లాసులు అందిస్తున్నాను. ఇరవై ఏళ్లుంటాయేమో, ఓ కుర్రాడు రోడ్డుకు ఏటవాలుగా నడుచుకుంటూ వచ్చాడు. గ్లాసు అందిస్తే పట్టుకోలేకపోయాడు. "ఏం నాన్నా, బానే ఉన్నావా?" అని అడిగితే, "తలుపు వేసేశారండి" అన్నాడు. ఏ తలుపో, ఎవరు వేశారో! ఒళ్లంతా చెమట కారుతోంది. మెడ మీద చెయ్యి వేస్తే కాలిన పెనంలా ఉంది. మరో నిమిషానికి కూలబడిపోయాడు. చుట్టూ జనం మూగారు. ఒకాయన నోట్లో నీళ్లు పొయ్యబోయాడు. ఇంకొకాయన ఉల్లిపాయ తెమ్మన్నాడు. అంబులెన్సు లేదు, డాక్టరు లేడు, ఒక్క ఐసు ముక్క లేదు. ఆ దారిన రొయ్యల చెరువుకు పోతున్న ఓ వ్యాను ఆగింది. డ్రైవరు దిగి చూసి, "ఐసు ఉందండి, దింపెయ్యమంటారా?" అన్నాడు. రొయ్యలు వేసే నీలం టబ్బు దించాడు. ఐసు పోశాం, బోరు నీళ్లు పట్టాం, కుర్రాణ్ని మెడ దాకా అందులో కూర్చోబెట్టి తల పట్టుకున్నాం. పావుగంటకు కళ్లు తెరిచి, తన పేరు తనే చెప్పాడు. తరవాత ఆసుపత్రికి పంపాం.

ఆ అబ్బాయి బతికాడు. ఆ వ్యాను ఆ దారిన రాకపోతే ఏమయ్యేదోనన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అది ఉత్త పరుగు, పది కిలోమీటర్లే. దానికి ముందు గంట ఈత, మూడు గంటల సైకిలు కలిపి చూడండి.

"నీళ్లలో ఉన్నవాడికి వడదెబ్బేమిటి?" అని చాలామంది అడుగుతారు. అసలు ప్రమాదం ఈ నమ్మకంలోనే ఉంది. మనం తిన్న తిండి ఇచ్చే శక్తిలో కండరాలు పనికి వాడుకునేది నాలుగో వంతుకు మించదు, మిగిలిందంతా వేడే. ఈతలో పనికొచ్చే వాటా ఇంకా తక్కువ. ఆ వేడి బయటికి పోవాలి. గాలి కన్నా నీరు సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కానీ ఆ నీరు చర్మం కన్నా బాగా చల్లగా ఉంటేనే. నీరే 31, 32 డిగ్రీలకు చేరితే చర్మానికీ నీటికీ తేడా కొద్దిగానే ఉంటుంది. లోపల పుట్టిన వేడి లోపలే పేరుకుంటుంది. చెమట పట్టినా నీళ్లలో ఆవిరి కాదు కనుక చల్లదనం ఇవ్వదు. పైగా చెమట పడుతున్నట్టే తెలియదు, దాహం వెయ్యదు. గట్టెక్కేసరికి ఒళ్లు ఎండిపోయి, జ్వరం వచ్చినట్టు వేడెక్కి ఉంటుంది. సైకిలూ పరుగూ ఇంకా మొదలే కాలేదు.

ప్రపంచానికి ఈ సంగతి ఓ ప్రాణం పోయాక గానీ గట్టిగా తెలియలేదు. 2010 అక్టోబరు 23న యూఏఈలోని ఫుజైరా తీరంలో 10 కిలోమీటర్ల ప్రపంచ కప్ ఈత జరిగింది. అమెరికా జాతీయ జట్టు ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ అందులో పోటీపడ్డాడు. అతనికి 26 ఏళ్లు. సముద్రం నీరు 30 డిగ్రీల ప్రాంతంలో ఉంది. ముగింపు రేఖ దగ్గర తోటివాళ్లు లెక్కపెట్టుకుంటే అతను లేడు. వెతగ్గా వెతగ్గా సుమారు రెండు గంటలకు నీటి అడుగున దొరికాడు. ఆ మరణానికి కారణం నీటి వేడి ఒక్కటేనని ఎవరూ తేల్చలేదు. కానీ అంత వెచ్చని నీళ్లలో పోటీ నడపడం మీదా, కనిపెట్టి ఉండే పడవలు చాలకపోవడం మీదా పెద్ద దుమారమే రేగింది. ఆ తరవాత అంతర్జాతీయ ఈత సమాఖ్య నిబంధన పెట్టింది: నీరు 31 డిగ్రీలు దాటితే పోటీ లేదు. అమెరికా ఈత సంఘం ఇంకా కిందికి, 29.45 దగ్గరే గీత గీసింది. అతను ప్రపంచ స్థాయి ఈతగాడు. మన రేవులో ఆర్నెల్లుగా సాధన చేస్తున్న ఇంటర్ కుర్రాడి సంగతి ఏమిటి?

కాలువలు కట్టేశాక గోదావరి ఎలా ఉంటుందో ఈ గట్టున పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. లంకల పక్కన, ఇసుక తిన్నెల నడుమ మోకాలి లోతు నీరు మధ్యాహ్నానికి స్నానానికి కాచిన నీళ్లలా అవుతుంది. వేసవిలో ఈ నీటి వేడిని మనం లెక్కలోకి తీసుకోకపోవడం మొదటి తప్పు.

రెండో తప్పు, ఎండను ఒక్క అంకెతో కొలవడం. పేపర్లో 42 అని చూస్తే భయపడతాం, 34 అని చూస్తే ఊపిరి పీల్చుకుంటాం. మన ఇళ్లలోని మట్టి కుండను అడిగితే వేరే మాట చెబుతుంది. పొడిగాలి వీచే రోజున కుండలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయి! ఉక్కపోత రోజున అదే కుండ, అదే చోట, నీళ్లు మాత్రం చల్లబడవు. కుండ చెమ్మ గాలిలోకి ఆవిరైతేనే నీళ్లు చల్లబడేది. గాలిలో అప్పటికే తేమ నిండిపోతే ఆవిరి పోవడానికి చోటేదీ? మనిషి ఒళ్లూ ఆ కుండ లాంటిదే. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. 42 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న రోజున అది సుమారు 26. 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న రోజున సుమారు 29. చెమటోడ్చి పరిగెత్తేవాడి ఒంటిని రెండో రోజే ఎక్కువగా ఉడికిస్తుంది. కాకినాడ, నరసాపురం, అంతర్వేది వైపు వేసవి ఉదయాలు తరచూ ఆ రెండో రకానివే.

2023 ఏప్రిల్ 16న నవీ ముంబయి ఖార్‌ఘర్‌లో ఓ అవార్డు సభ జరిగింది. అక్కడి ఎండ 40 డిగ్రీలకు చేరలేదు. సముద్రపు తేమ, పందిరి లేని మైదానం, గంటల తరబడి కూర్చోవడం. 14 మంది చనిపోయారు. వాళ్లు పరిగెత్తలేదు, ఈదలేదు, కూర్చున్నారంతే.

ఇక వేళల లెక్క చూడండి. సగం దూరపు ట్రయథ్లాన్ ఉదయం 6:30కి మొదలైందనుకుందాం. ఓ మోస్తరు ఈతగాడు 7:20కి గట్టెక్కుతాడు. సైకిలు దిగేసరికి 11 అవుతుంది. 21 కిలోమీటర్ల పరుగు అప్పుడు మొదలవుతుంది, ఒంటి గంటన్నర దాకా సాగుతుంది. వెనకబడినవాడు మూడింటి దాకా రోడ్డు మీదే ఉంటాడు. వరి కోతకు వచ్చిన కూలీలు కొడవలి పక్కన పెట్టి చెట్టు కిందికి చేరే వేళ అది. పొలం పనిలో తలపండిన మనుషులే ఆ ఎండకు జంకుతారు. అప్పటికి నాలుగు గంటలుగా అలిసిన కుర్రాణ్ని ఆ ఎండలోకి పరుగుకు పంపడం ఏం న్యాయం?

వెట్‌సూట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విదేశీ పోటీల ఫొటోల్లో అందరూ ఒంటికి అతుక్కున్న నల్ల రబ్బరు సూట్లలో కనిపిస్తారు. అది చూసి మన పిల్లలూ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. వెట్‌సూట్ అంటే లోపల గాలి బుడగలు నింపిన మెత్తటి రబ్బరు. చలి సముద్రాల్లో ఒంటి వేడి బయటికి పోకుండా పట్టి ఉంచడానికే అది పుట్టింది. మన నీళ్లలో దాన్ని తొడుక్కోవడమంటే రోహిణి కార్తెలో రగ్గు కప్పుకుని పరిగెత్తడమే. అంతర్జాతీయ ఈత పోటీల్లో నీరు 20 డిగ్రీల లోపు ఉంటేనే దాన్ని ఒప్పుకుంటారు. ఐరన్‌మ్యాన్ పోటీల్లో బహుమతి కోసం పోటీపడేవాళ్లకు 24.5 డిగ్రీలు దాటితే కుదరదు. మన గోదావరి వేసవిలో ఆ గీతకు చాలా పైన ఉంటుంది.

అయినా పిల్లలు దాని మీద ఎందుకు మోజుపడతారో నాకు తెలుసు. ఆ రబ్బరు మనిషిని తేలుస్తుంది, ఈత సరిగా రానివాడికీ ధైర్యం ఇస్తుంది. ఆ ధైర్యమే ప్రమాదం. తేలడానికి సాయం కావాలంటే నడుముకు కట్టుకుని వెనక లాక్కుపోయే నారింజ రంగు గాలి సంచులు దొరుకుతాయి. ఒళ్లు ఉడకదు, దూరం నుంచి పడవవాళ్లకు కనబడతారు. "అలవాటు కావాలి కదా" అని మే నెలలో వెట్‌సూట్ వేసుకుని సాధన చేస్తున్నవాళ్లెవరైనా ఉంటే ఈ రోజే మానెయ్యండి.

మన డెల్టాకు ఎండ కొత్త శత్రువు కాదు. 2002 మే రెండో వారంలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా పోయారు. గోదావరి జిల్లాలు బాగా దెబ్బతిన్నవాటిలో ఉన్నాయి. అప్పటికి రోహిణి కార్తె ఇంకా రానే లేదు. ఆ మరుసటి ఏడాది, 2003లో, ఉమ్మడి రాష్ట్రంలో మృతులు 3 వేలు దాటారు. 2015లో విభజన తరవాతి ఆంధ్రప్రదేశ్‌లోనే 1,369 మంది. వాళ్లలో ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు, నీడ లేనివాళ్లు. బతుకుతెరువు కోసం ఎండలోకి వెళ్లక తప్పక వెళ్లి పోయారు. మనం సరదాకీ, పతకానికీ వెళ్తున్నాం. ఆగే వీలు మన చేతుల్లో ఉంది.

ఆగమంటే మానుకోమని కాదు. ఎలా చెయ్యాలో మన జిల్లా మనిషే చేసి చూపించారు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2024 డిసెంబరు 28న విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో సముద్రంలోకి దిగి, 2025 జనవరి మొదటి వారంలో కాకినాడ తీరం చేరారు. సుమారు 150 కిలోమీటర్లు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. అంతకుముందు 2021లో శ్రీలంక నుంచి పాక్ జలసంధిని ఈది వచ్చారు. విశాఖ నుంచి కాకినాడకు ఆమె ఎంచుకున్న కాలం చూడండి: ధనుర్మాసం. వెంట పడవ, కనిపెట్టుకుని ఉండే బృందం. గోవాలో సగం దూరపు ఐరన్‌మ్యాన్ 2019లో మొదలైనప్పుడు పెట్టుకున్నది అక్టోబరు 20న. టోక్యోలో 2019 ఆగస్టు 15న ఒలింపిక్స్ సన్నాహకంగా జరిగిన మహిళల ట్రయథ్లాన్‌లో ఎండ చూసి 10 కిలోమీటర్ల పరుగును 5కి తగ్గించేశారు. ప్రపంచ మేటి క్రీడాకారిణులకే దూరం తగ్గించడం నామోషీ అనిపించలేదు. మనకెందుకు అనిపించాలి?

మన దగ్గర కొలిచే అలవాటు లేదా అంటే, ఉంది. భీమవరం, ఆకివీడు, అమలాపురం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువు గట్టుకైనా వెళ్లండి. రైతు తెల్లవారుజామున లేచి నీటి వేడి చూస్తాడు, ఆక్సిజన్ చూస్తాడు. ఎండ పెరిగితే మేత తగ్గిస్తాడు, ఏరేటర్లు తిప్పుతాడు. కరెంటు పోతే జనరేటరు సిద్ధం. పట్టుబడి రోజున ఐసు ముందు వచ్చాకే వల దిగుతుంది. రొయ్య కోసం ఇంత జాగ్రత్త తెలిసిన నేల ఇది. ఆ జాగ్రత్తలో పదో వంతు మన పిల్లల కోసం పడితే చాలు.

నిర్వాహకులకు నా విన్నపం. పోటీని నవంబరు, ఫిబ్రవరి మధ్యకు మార్చండి. అప్పుడు కూడా ఈత మొదలయ్యే రెండు గంటల ముందు, పోటీ దారి నడుమ, 40 సెంటీమీటర్ల లోతున నీటి వేడి కొలిచి బోర్డు మీద రాయండి. గట్టు పక్కన కొలిస్తే లెక్క కాదు. 31 దాటితే ఈత రద్దు. గాలి వేడి, తేమ, ఎండ కలిపి కొలిచే నల్లగోళపు యంత్రం చేతిలో పట్టేంతే ఉంటుంది, అది 32.2 దాటితే పరుగు వద్దు. ముఖ్య అతిథి రాలేదని ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యకండి, దండలు తరవాత వెయ్యొచ్చు. ఈత దారి పొడుగునా పడవలు, దిగినవాళ్లకూ ఎక్కినవాళ్లకూ తలల లెక్క, ముగింపు దగ్గర ఐసు నీళ్ల టబ్బు, పక్కనే అంబులెన్సు. ఇవేవీ సమకూర్చలేకపోతే పోటీ పెట్టకండి. అధికారులు కూడా అనుమతి కాగితం మీద సంతకం చేసేముందు విపత్తుల నిర్వహణ సంస్థ ఇచ్చే మండలాలవారీ వడగాడ్పుల హెచ్చరిక చూడాలి. ఐసు టబ్బు ఎక్కడ పెడుతున్నారని అడగాలి.

సాధన చేసేవాళ్లకు నాలుగు మాటలు. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, మొదటి రోజే దూరం పెంచొద్దు. జ్వరం, విరేచనాలు, నిద్ర లేని రాత్రి, ముందు రోజు మద్యం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు సాధన మానెయ్యండి. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగండి. కొబ్బరి నీళ్లలో ఉప్పు తక్కువ కనుక చిటికెడు కలపండి. ఒంటరిగా నీళ్లలో దిగొద్దు.

ఎవరైనా పడిపోతే ఏం చెయ్యాలో ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోండి. చెమట పడుతోంది కనుక వడదెబ్బ కాదనుకోకండి. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉంటుంది. తడబడే నడక, పొంతన లేని మాట, కాలిపోయే ఒళ్లు, ఇవే గుర్తులు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా నీడకు చేర్చి మెడ దాకా ఐసు నీళ్లలో ఉంచండి, తల పైకి పట్టుకోండి. టబ్బు లేకపోతే ధాన్యం ఆరబోసే టార్పాలిన్‌లో పడుకోబెట్టి, నలుగురూ అంచులు ఎత్తి పట్టుకుని, ఐసూ నీళ్లూ పొయ్యండి. ఐసు లేకపోతే బోరు నీళ్లు ఆపకుండా పోస్తూ విసరండి. మొదటి అరగంటే ప్రాణం. ముందు చల్లబరచాలి, తరవాతే తరలించాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకండి. జ్వరం మాత్ర దీనికి పనిచెయ్యదు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. ఎండ తాళలేక నీళ్లలో దిగే పిల్లలకు గోదావరి ఏటా ఎంత శోకం మిగులుస్తోందో మీకు తెలుసు. 2025 మే 26న కోనసీమ జిల్లా ముమ్మిడివరం మండలంలో స్నానానికి దిగిన ఎనిమిది మంది యువకులు ఒక్కసారే నదిలో కలిసిపోయారు. ఈత వచ్చినంత మాత్రాన గోదావరి దయ చూపదు, ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు. మీ అబ్బాయి, మీ అమ్మాయి పోటీకి పేరు ఇస్తానంటే వద్దనకండి. నిర్వాహకుల దగ్గరికి మీరే వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: నీటి వేడి ఎంత? పరుగు ఎన్ని గంటలకు ముగుస్తుంది? ఐసు ఎక్కడుంది?

మూడింటికీ జవాబు దొరికితే పంపండి. ఒక్కదానికి నీళ్లు నమిలినా చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చేసుకోండి. కార్తిక మాసంలో గోదావరి మళ్లీ చల్లబడుతుంది. పోటీ అప్పుడు పెట్టుకోవచ్చు. ఆ రోజు ఆ వ్యాను డ్రైవరు ఐసు దింపడానికి ఒక్క క్షణం వెనకాడలేదు. మనం మాత్రం ఇంకో వ్యాను అదృష్టవశాత్తూ వస్తుందని ఎదురుచూడకూడదు.